మస్టాంగ్ రాజన్న ఇంటిపేరు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది ఎల్లవ్వ. సూరత్ నవాగామ్‌లో మా గల్లీ చివర, సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేసే ఒంటరి మగవాళ్ళకు వండిపెట్టే మెస్సు ఆమెది. పొద్దున్నే వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం అవతలే నిలబడింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. కరోనా రెండోసారి వచ్చిన కాలం అది. ఎవరూ ఎవరి గడపా తొక్కడం లేదు.

"పద్మక్కా, మన మస్టాంగ్ రాజన్న దవాఖానల పోయిండట. సొంతోళ్ళు ఎవరన్న వస్తె ఇస్తరట. లేకుంటె దిక్కులేనోళ్ళతోని కలిపి వాళ్ళే కాలవెడ్తరట," అంది.

అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి లేచాను. చేతులకు నూనె ఉంది.

నేను సూరత్‌లో ఒక బట్టల కంపెనీలో పెళ్ళైన కొత్తలో చేరి, ముసలిదాన్నయ్యేదాకా చెకింగ్ పని చేశాను. ఆ కరోనా ఏడాది చివర మానేశాను. ఇప్పుడు పర్వత్ పాటియా వైపు చెకింగ్‌లో చేరుతున్న మన ఆడపిల్లలు కొందరు, ఆ పని ఎట్ల ఉంటదో రాసిపెట్టు పెద్దమ్మా అని అడిగారు. ఎప్పుడు హెడ్డునయ్యాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి నాకే సరిగ్గా యాదిలేవు. యాది ఉన్నవి రాస్తాను. అందులో రాజన్న సంగతే ఎక్కువ ఉంటది. ఆ మనిషి ఈ లోకం నుంచి ఎవరి కొడుకుగా పోవాలి, ఎవరి కొడుకుగా పోయాడు అన్నది నన్ను ఇంకా వదల్లేదు.

గాజుబల్ల

మాది సిరిసిల్ల పక్క పల్లె. నేను బడికి పోలేదు. మా నాయన గుంటమగ్గంలో కూర్చొని నేస్తూనే, పక్కన నేల మీద సుద్దతో నాకు అక్షరాలు రాసి చూపేవాడు. నేను కండెలు చుట్టడం ఆపి దిద్దేదాన్ని. తప్పు పోతే కోప్పడేవాడు కాదు. చెరిపి మళ్ళ రాయి బిడ్డా, సుద్దనే గదా అనేవాడు. సూరత్ వచ్చినాక గుజరాతీ అక్షరాలు బస్సుల మీద చూసి పట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు బట్ట అంచుల మీద కొట్టే ముద్రలు చూసి నేర్చుకున్నాను. ఇంత చిన్న చదువుకే దేవుడు ఇన్నేళ్ళు అన్నం పెట్టాడు. రోజూ మార్కండేయ స్వామికి మొక్కేటప్పుడు మా నాయన సుద్దముక్కకు కూడా ఒక దండం పెట్టుకుంటాను.

చెకింగ్ అంటే ఏమీ లేదు, ఒక పెద్ద గాజుబల్ల, దాని కింద ట్యూబ్‌లైట్లు. సాంచె మీది నుంచి దిగిన బట్టచుట్టను తాకా అంటారు. దాన్ని బల్ల మీద ఈ కొస నుంచి ఆ కొసకు లాగుతూ పోతుంటే కింది వెలుతురులో లోపాలు కనబడతాయి. పోగు తప్పింది, నూనె మరక పడింది, పేక సందు వదిలింది. కనబడ్డ చోట గుర్తు పెట్టాలి. పొద్దస్తమానం నిలబడే పని. కాళ్ళు వాస్తాయి, కళ్ళు మండుతాయి, దాచడం ఎందుకు. లోపం పట్టకపోతే మార్కెట్ వాళ్ళు తిడతారు. పడితే నేసినవాళ్ళు తిడతారు. మెచ్చుకునేవాళ్ళు ఎక్కడో ఒకరు ఉంటారు, వాళ్ళు కూడా నోరు తెరిచి చెప్పరు.

నా మొదటి ఇన్‌చార్జి కాంతిభాయ్ అనే ఆయన. దీపావళికి అందరికంటే ముందు మిఠాయి పంచేవాడు, ఎవరింట్లో జ్వరం వచ్చినా మందులు పంపేవాడు. కానీ బట్టలో గీత కనబడితే చాలు, ఎవడు నేశాడు అని అరిచేవాడు. ఒకసారి వరసగా వచ్చిన తాకాలన్నిట్లో ఒకే చోట ఒకే సన్న గీత వచ్చింది. నేసిన మనిషిని పిలిచి, నలుగురిలో నానా మాటలని పని మాన్పించాడు. ఆ మనిషి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రుమాలు దులిపి భుజాన వేసుకొని పోయాడు. వారం తిరక్కుండా ఇంకో సాంచె మీద కూడా అదే గీత వచ్చింది. వెతుక్కుంటూ పోతే, పడుగు చుట్టి పంపే చోటనే తప్పు జరిగిందని తేలింది. కాంతిభాయ్ చాలా బాధపడ్డాడు. ఆ మనిషిని వెనక్కి పిలిపిద్దామన్నాడు. పిలవడానికి ఆయన ఎవరో ఎవరికీ తెలియలేదు. కిటికీ పక్క సాంచె ఆయన అని మాత్రం అందరం అన్నాం.

లోపం కనబడ్డ చోటనే పుట్టి ఉండదు అని ఆనాడు నేర్చుకున్నాను. తాకా పట్టుకొని అరిచే ముందు, వెనక్కి నడిచి పోయి చూడాలి. అది నాకు పనికొచ్చింది. మనిషి పేరు తెలుసుకోవాలన్న రెండో పాఠం మాత్రం ఆ రోజు మాలో ఎవరికీ ఎక్కలేదు.

బట్టకు పేరు పెట్టడం

సూరత్‌లో ప్రతి డిజైనుకు నంబరు ఉంటది కానీ, బట్ట రకానికి పేరు ఉంటది. ఆ పేరుతోనే దేశమంతా అమ్ముడుపోతది. మా పెద్ద సేఠ్ తన తల్లి పేరు, మేనత్తల పేర్లు, దేవతల పేర్లు, నదుల పేర్లు పెట్టేవాడు. అర్థం తెలియని పేరు బట్ట మీద వేయనిచ్చేవాడు కాదు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొత్త రకం మొదటి తాకా గాజుబల్ల మీదికి రాగానే అగరొత్తి వెలిగించి, కుంకుమ బొట్టు పెట్టేవాడు. దాన్ని నేసిన మనిషిని పిలిపించి కొబ్బరికాయ కొట్టించేవాడు. తర్వాత ఆ మనిషే అందరి ముందు ఆ పేరును గట్టిగా పిలవాలి. నా నోట వస్తే అది సరుకు పేరు, నేసినవాడి నోట వస్తే బిడ్డ పేరు అని సేఠ్ హిందీలో అనేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆయన ఆత్మకు దేవుడు శాంతినివ్వాలి.

అయితే దాంతోపాటు ఇంకొకటి అలవాటైంది. ఎవరు ఏ పేరు పిలిస్తే, ఆ రోజు నుంచి వాళ్ళను అందరం ఆ పేరుతోనే పిలిచేవాళ్ళం. కావేరి మల్లేశం, తులసి అంజయ్య. రాధ అనే రకం నేసిన నర్సయ్య అయితే ఉత్త రాధ అయిపోయాడు. ఆయన భార్య ఊరి నుంచి వచ్చి, ఎవరిని అడిగినా రాధ ఇంకా పని దిగలేదు, రాధ అన్నం తిని పోయాడు అంటుంటే, గీ రాధెవతో ఇయ్యాల తేలాలె అని ఎల్లవ్వ మెస్సు ముందు పంచాయితీ పెట్టింది. ఎల్లవ్వ ఆమెను కూర్చోబెట్టి, నీ మొగనికి గంత సీను లేదు తియ్, అన్నం తిను అని నెత్తిమీద ఒక్కటిచ్చింది. ఆ కథ చెప్పుకొని మేం ఎన్నేళ్ళు నవ్వామో.

పెద్ద సేఠ్ కొడుకును మేం చిన్న సేఠ్ అనేవాళ్ళం. పై చదువులు చదివి వచ్చాడు. ఆయన గదిలో దేవుడి పటం పక్కనే ఎర్ర కారు పటం ఒకటి పెట్టాడు. పాతకాలం అమెరికా కారు. ముందు భాగం పొడుగ్గా, కండలు తిరిగినట్టు ఉండేది. అటువంటి వాటిని మజిల్ కార్లు అంటారట. ఆయన మొట్టమొదట సొంతంగా చేయించిన చొక్కాబట్ట ముదురు ఎరుపు మీద నల్లటి మెరుపు. దానికి ఆ కారు పేరే పెడతానన్నాడు. మస్టాంగ్.

పెద్ద సేఠ్ నన్ను పిలిచి, పోయి అర్థం కనుక్కొని రా బెన్ అన్నాడు. తండ్రీకొడుకుల మధ్య అట్లాంటివి నా మీద పడేవి. చిన్న సేఠ్ నవ్వి, అడవి గుర్రం పద్మాబెన్, దానికి కళ్ళెం లేదు, కొట్టం లేదు, ఇప్పటిదాకా ఎవరికీ లొంగలేదు అన్నాడు. అదే పోయి చెప్పాను. కళ్ళెం లేని గుర్రానికి జీను ఎవడు వేస్తాడట, అని పెద్దాయన కాసేపు నవ్వుకొని, సరే కానివ్వమన్నాడు.

ఆ మొదటి తాకా నేసింది రాజన్న. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ తలకు రుమాలు చుట్టుకొని ఉండేవాడు. జగిత్యాల పక్క అని తెలుసు. భార్య ఎప్పుడో పోయిందని, పిల్లలు లేరని, ఊళ్ళో ముసలి తల్లి ఉందని తెలుసు. ముందురోజు నా దగ్గరికి వచ్చి, అక్కా గీ పేరు నా నోట్లె తిరుగుతలేదు, నలుగుర్ల ఇజ్జత్ పోతది అన్నాడు. సాంచె నడుస్తుంటే ఆ చప్పుడుతో కలిపి లోపల అనుకుంటూ ఉండమన్నాను. ఆ రోజంతా అనుకున్నట్టున్నాడు. మరునాడు కొబ్బరికాయ కొట్టి ఎంత గట్టిగా పిలిచాడంటే, పైన ఆఫీసులో వాళ్ళు ఏం జరిగిందోనని మెట్లు దిగి వచ్చారు.

అంతే, ఆయన మస్టాంగ్ రాజన్న అయ్యాడు. కొన్నాళ్ళకు రాజన్న కూడా పోయి ఉత్త మస్టాంగ్ మిగిలింది. ఆయనకు అది నచ్చింది. సైకిల్ మడ్‌గార్డు మీద ఎర్ర రంగుతో గుర్రం బొమ్మ వేయించుకున్నాడు. అది గుర్రం కంటే మేకకే దగ్గర. ఎల్లవ్వ అన్నం వడ్డిస్తూ, నీ మేకకు ఇంత గడ్డేయాల్నా అని అడిగేది.

"గది మేక గాదు వదినా, అమెరికా గుర్రం. గడ్డి తినది, పెట్రోలే తాగుతది," అనేవాడు.

పని మాటకొస్తే, పోగు తెగితే చాలామంది సాంచె ఆపకుండానే ఏదో ముడి వేసి పోనిస్తారు. లెక్కకు మీటర్లు కావాలి, వాళ్ళను తప్పుపట్టను. రాజన్న ఆపేవాడు. తప్పిన పేకలను వెనక్కి తీసి మళ్ళీ నేసేవాడు. అయినా ఎప్పుడన్నా లోపం పోతే, పని దిగినాక గాజుబల్ల దగ్గరికి వచ్చి, యాడ అక్కా అని అడిగి, వంగి చూసుకొని పోయేవాడు. ఇన్నేళ్ళలో తన తప్పు చూసుకోవడానికి తనంత తానే వచ్చినవాడు ఆయన ఒక్కడే. చెకింగ్‌లో చేరే పిల్లలకు నేను చెప్పేది, అట్లాంటి మనిషి వస్తే బల్ల దగ్గర జర చోటు ఇవ్వండి.

సాంచెలు ఆగినప్పుడు

మొదటి లాక్‌డౌన్‌లో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ నిశ్శబ్దం. ఉధ్నా నుంచి మా దాకా రాత్రింబవళ్ళు వినబడే చప్పుడు ఒక్కసారి ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పడుకున్న పిల్లలు నిద్రపట్టక ఏడ్చారు.

మన మగవాళ్ళ గదుల సంగతి బయటివాళ్ళకు తెలియదు. పగటి పాళీ వాళ్ళు పనికి పోతే రాత్రి పాళీ వాళ్ళు అదే గదిలో, అదే చాప మీద పడుకుంటారు. సాంచెలు ఆగేసరికి రెండు పాళీల వాళ్ళూ ఒక్కసారే గదిలో పడ్డారు. అందరూ కూర్చోవచ్చు, అందరూ పడుకోలేరు. దూరం దూరం ఉండమని మైకులో చెప్పుకుంటూ బండి పోతుంటే, వాళ్ళు మోకాళ్ళ మీద తల పెట్టుకొని వినేవాళ్ళు.

రైళ్ళు వదలగానే చాలామంది ఊళ్ళకు పోయారు. రాజన్న పోలేదు. రేషన్ పంచేటప్పుడు మా గల్లీలో కలిశాడు. ఎందుకు పోలేదని అడిగాను.

"పోతె మా అవ్వకు అంటిస్తనేమో అక్కా. ఫోన్ల రోజు మాట్లాడుతున్న గదా. గొంతు వినబడితె సాలు గామెకు," అన్నాడు.

ఆ ఏడాదే పెద్ద సేఠ్ పోయారు. కొడుకులు, మనవలు అద్దాల అవతల నుంచే చూసినా, దహనం ముందు ఆయన పేరు, వంశం పూజారి చదివి పంపించాడు. తర్వాత సాంచెలు మళ్ళీ నడిచాయి. పోయినవాళ్ళలో కొందరు వచ్చారు. కొత్త రకాలు వచ్చాయి కానీ కొబ్బరికాయ కొట్టడం, పేరు పిలవడం ఆగిపోయాయి. గుంపు కూడొద్దన్నారు కదా.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు రాజన్నకు జ్వరం అని ఎల్లవ్వ చెప్పింది. జావ కాచి పంపాను. గిన్నె కడిగి తిరిగి పంపాడు. రెండోసారి పంపిన గిన్నె మాత్రం వెనక్కి రాలేదు. గదిలో ఉన్నవాళ్ళు ఆటోలో దవాఖానలో వేసి వచ్చారు. వాళ్ళకూ జ్వరాలు అంటుకున్నాయి. లేవగలిగినవాళ్ళు ఊరి దారి పట్టారు. వాళ్ళనూ నేను తప్పుపట్టలేను.

దవాఖాన కిటికీ

ఎల్లవ్వ కబురు తెచ్చిన పొద్దున, మా ఆయన మంచం మీద నుంచే అంతా విన్నారు. ఆయన ఊపిరితిత్తులు సాంచెల దుమ్ముకే సగం పోయాయి. నేను బయట తిరిగి వస్తే ఆయనకు ఏమవుతుందోనని నా భయం. ఆయనే అన్నారు, నేను వెనక గదిల తలుపేసుకొని ఉంట, నువ్వు పో, గా మనిషిని అట్ల వదిలిపెట్టకు అని. ఆ మాటకు ఆయన రుణం ఈ జన్మలో తీర్చుకోలేను.

ఎల్లవ్వా నేనూ ఆటోలో పోయాం. దవాఖాన బయట గుడారం వేసి, ప్లాస్టిక్ తెర కట్టిన కిటికీ ఒకటి పెట్టారు. లోపల ఒక గుజరాతీ ఆమె, వయసు నా బిడ్డంత ఉంటది, కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. తెచ్చి వేసినవాళ్ళు రాజు, నవాగామ్ అని మాత్రం రాయించి పోయారట. ఆధార్ కార్డు లేదు. పూర్తి పేరు చెప్పమంది, తండ్రి పేరు చెప్పమంది.

నేను ఎల్లవ్వ వైపు చూశాను. ఎల్లవ్వ నా వైపు చూసింది.

పక్కకు జరిగి ఫోన్లు చేశాను. కూలీలను తెచ్చి పనిలో పెట్టే సాంచెల మాస్టర్‌కు చేశాను, వాచ్‌మన్‌కు చేశాను, ఊరికి పోయినవాళ్ళకు చేశాను. రాజన్న అంటే ఏ రాజన్న అన్నారు. మస్టాంగ్ అంటే అయ్యో మస్టాంగా అని ఏడ్చారు. ఇంటిపేరు అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఊరి పేరు తలా ఒకటి చెప్పారు. చిన్న సేఠ్ ఆఫీసుకు చేస్తే, వాళ్ళ రికార్డులో కూడా కూలీలంతా మాస్టర్ పేరు కిందనే ఉన్నారన్నారు. ఎల్లవ్వ నేల మీద కూలబడి నుదురు కొట్టుకుంది.

"గిన్నేండ్లు అన్నం పెట్టిన. గానికి ఏ కూర ఇష్టమో ఎరుక, ఎంత కారం తింటడో ఎరుక. ఇంటిపేరు ఎరుకలేదక్కా నాకు," అంది.

సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే మిగిలినవాళ్ళతో కలిపి తీసుకుపోతారని కిటికీ ఆమె చెప్పింది. కోపంగా చెప్పలేదు. అప్పటికే ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో.

నేను కళ్ళు మూసుకొని స్వామిని తలచుకున్నాను. నా నోటికి ఏం రావాలో నువ్వే పంపు, అది అబద్ధమైతే ఆ పాపం నాకే రాయి అనుకున్నాను. మళ్ళీ కిటికీ దగ్గరికి పోయాను.

"ఏమవుతాడు మీకు?" అని అడిగింది.

"తమ్ముడు."

"సొంత తమ్ముడా?"

"సొంత తమ్ముడే. ఆడెపు రాజు. తండ్రి పేరు ఆడెపు రామస్వామి."

రామస్వామి మా నాయన పేరు. ఆడెపు మా పుట్టింటి ఇంటిపేరు. కిటికీ ఆమె కలం ఆపి నా మొహం చూసింది. నా పక్కన ఏడుస్తున్న ఎల్లవ్వను చూసింది.

"పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరూ తమ్ముళ్ళ కోసమే వచ్చారు బెన్. ఇక్కడ సంతకం పెట్టండి," అంది.

ఆ బిడ్డ ఎక్కడున్నా దేవుడు చల్లగా చూడాలి.

శవం బండి వెనకనే శ్మశానానికి పోయాం. శవాలు తీసుకుపోయే సేవకులు ప్లాస్టిక్ బట్టలు తొడుక్కొని ఉన్నారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. వరసలో చాలాసేపటికి మా వంతు వచ్చింది. వాళ్ళలో ఒకతను చేయి ఊపి, గోత్రం పేరు చెప్పి గట్టిగా పిలవండి మాసీ, లేకుంటే ఇక్కడికి వినబడదు అన్నాడు. మా పుట్టింటి గోత్రమే చెప్పాను. మా నాయన పేరు చెప్పి, ఆయన కొడుకు అని చెప్పి పిలిచాను. మాస్కు లోపల నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. ఎల్లవ్వ మాస్కు లాగేసి, రాజన్నా అని అరిచింది. ఆ సేవకుడు తల ఊపి, మంట పెట్టాడు.

చిన్న సేఠ్ చెప్పిన అర్థం

కొన్ని వారాలకు ఆఫీసు తెరిస్తే పనికి పోయాను. చిన్న సేఠ్ నన్ను పిలిపించాడు. ఆయన కూడా జబ్బుపడి లేచాడు, మనిషి సగం అయ్యాడు. గోడ మీద ఎర్ర కారు పటం లేదు. మేకు మాత్రం ఉంది.

జబ్బుపడి ఒంటరిగా గదిలో ఉన్న రోజుల్లో ఆ కారు గురించి, ఆ పేరు గురించి చదివాడట. నీకు ఆనాడు సగమే చెప్పాను పద్మాబెన్ అన్నాడు. ఆ మాట స్పెయిన్ దేశం పశువులకాపర్ల దగ్గర పుట్టిందంటారట. మందలో నుంచి తప్పిపోయి, ఎవరిదో తెలియకుండా తిరిగే పశువును అట్లాంటి మాటతో పిలిచేవాళ్ళట. ఇక అమెరికా అడవి గుర్రాలు కూడా అసలు అడవివి కావట. పని కోసం ఓడల్లో ఎక్కించి సముద్రం దాటించి తెచ్చిన గుర్రాల సంతతే అవి.

"ఇంటి గుర్రాలే పద్మాబెన్. ఒకప్పుడు ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచినవే," అన్నాడు.

ఆ పేరు ఇక వద్దు, అచ్చు ఆపించి వేరే పేరు పెడతానన్నాడు. ఆ పేరు వింటే తనకు నిద్ర రావడం లేదన్నాడు. మంచి మనిషి. కార్మికుల మందులకు ఆ ఏడాది ఆయన చేసిన సాయం నేను మరువను. కానీ ఆయన మాట నాకు నచ్చలేదు. నాకు తోచింది చెప్పాను.

"పేరుదేం తప్పు లేదు సేఠ్. అది ఎవరిదో తెలియని పశువు అంటున్నారు కదా. ఎవరిదీ కాదని కాదు. ఎవరిదని మనం అడగలేదు."

ఆయన తల దించుకున్నాడు. నేనూ అడగనిదాన్నే కాబట్టి నా తలా పైకి లేవలేదు. ఆ తర్వాత కొత్త రకం బట్ట వచ్చినప్పుడు ఆయన తండ్రి పద్ధతిని మళ్ళీ మొదలుపెట్టించాడు, ఒక్క మార్పుతో. నేసిన మనిషి కొబ్బరికాయ కొట్టి, ముందు తన ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాలి. తర్వాతే బట్ట పేరు పిలవాలి. మొదటిసారి చెప్పిన మనిషి సిగ్గుపడి నవ్వుతూ చెప్పాడు. అందరూ ఊరుకొని విన్నారు.

ఫోన్లో వచ్చిన గొంతు

రాజన్న వస్తువులు రద్దీ తగ్గినాక వచ్చి తీసుకొమ్మని దవాఖాన వాళ్ళు ముందే చెప్పారు. పోయి తెచ్చాను. రుమాలు, జావ గిన్నె, ఫోన్. ఆ సంచిని కొన్నాళ్ళు డాబా మీద ఎండలో ఉంచాను, అప్పటి భయాలు అట్లాంటివి. అన్ని రోజులూ ఆయన తల్లి జాడ కోసం జగిత్యాల పక్కవాళ్ళు ఎవరు కనబడినా అడిగాను. ఆ పక్క ప్రతి ఊరికీ నలుగురు రాజన్నలు.

ఒక పొద్దున ఫోన్ తెచ్చి చార్జింగ్ పెట్టాను. తెరుద్దామంటే తాళం వేసి ఉంది. పొయ్యి మీద అన్నం చూసుకుంటున్నాను. అది మోగింది.

ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నానో లేదో, "ఏమిర రాజమల్లూ, ఫోను కరాబయిందా, గిన్ని దినాలు మూసుకుంటివి," అని ముసలి గొంతు.

నేను ఎవరినో చెప్పాను. కూర్చొమ్మన్నాను, పక్కన ఎవరన్నా ఉన్నారా అని అడిగాను. అప్పుడే ఆమెకు అర్థమైంది. ఏడుపు వినబడలేదు. ఫోన్ కింద పెట్టిన చప్పుడు, దూరంగా కోళ్ళ చప్పుడు. చాలాసేపటికి మళ్ళీ తీసింది. ఎట్ల పోయాడో, ఎవరు అగ్గి పెట్టారో ఒక్కొక్కటే అడిగింది. ఏదీ దాచలేదు. కిటికీ దగ్గర మా నాయన పేరు చెప్పానని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు భయమేసింది. కన్నతల్లి బతికుండగా ఆమె కొడుకును ఇంకొక ఇంటివాడిని చేసి పంపాను.

"నువ్వు లేకుంటె గానికి గా అగ్గి గూడ లేకుండె బిడ్డా," అంది. "నీ తండ్రికి పున్నెముంటది. నా కొడుకును ఉత్తగ పోనియ్యలె."

పొయ్యి ఆర్పి వచ్చి నేల మీద కూర్చున్నాను.

"గని గాడు గుండేటి ఎంకటి కొడుకు. మా ఆయన గానికి నడక నేర్పిండు, నేత నేర్పిండు. గాయన పేరు గూడ యాడనన్న ఒక్కపారి చెప్పు బిడ్డా. నలుగురు ఇనేటట్టు చెప్పు."

చెప్తాను అవ్వా అన్నాను.

కాగితాల మీది పేరు తర్వాత తిరిగి తిరిగి సరిచేయించాం, అందుకు చిన్న సేఠ్‌కు దండాలు. కానీ ఆమె అడిగింది కాగితం కాదు. నలుగురు వినేటట్టు చెప్పమంది. మరుసటి ఏడు ఆమె కూడా పోయిందని కబురు వచ్చింది. నాకు మైకు పట్టుకొని నిలబడే అలవాటు లేదు, మా నాయన నేర్పిన ఈ నాలుగు అక్షరాలే ఉన్నాయి. అందుకే ఇది రాశాను.

చెకింగ్‌కు పోయే పిల్లలకు పని మెల్లగా అదే వస్తది. కళ్ళకు అలవాటవుతది, కాళ్ళు ఓర్చుకుంటాయి. మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. ఇది చదివినవాళ్ళు, దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఒక్కసారి ఆయనను తలుచుకోండి. మేం పెట్టిన పేరుతో వద్దు. గుండేటి రాజమల్లు, గుండేటి ఎంకటి కొడుకు.